ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుని డెస్క్‌టాప్‌లో బిగించేటప్పుడు

ల్యాప్‌టాప్ మూలన పడింది. స్క్రీన్ పోయింది, లేదా బోర్డే పోయింది. లోపలి డిస్కు మాత్రం బాగానే ఉంది. పక్క బల్ల మీద డెస్క్‌టాప్ ఒకటుంది, దానికి కాస్త చోటు కావాలి. "ఏటండీ, అరచేతిలో పట్టీసే ఈ డిస్కు అంత పెద్ద సీపీయూలో పన్జేస్తాదేటి?" శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా కంప్యూటర్ రిపేరు షాపులో కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది.

పనిచేస్తుంది. సాటా అనే రకం కనెక్టరున్న డిస్కయితే మధ్యలో ఏ అడాప్టరూ అక్కర్లేదు. కానీ కేబులు తగిలించడం అయిదు నిమిషాల పని, ఇంత రాయడం దాని కోసం కాదు. ఆ డిస్కు పుట్టిందీ పెరిగిందీ బ్యాటరీ ఉన్న ఇంట్లో. కరెంటు పోవడం అంటే ఏమిటో దానికి తెలియదు. మన ఊళ్లలో డెస్క్‌టాప్‌లోకి తెచ్చి పెట్టాక రోజూ తెలుస్తుంది. బిగించిన ఏడాదికో రెండేళ్లకో "డిస్కు పోనాదండీ" అని తెచ్చేవాటిలో చాలావరకు కనెక్టరు కలవక పోయినవి కావు. తప్పు స్క్రూ, పట్టించుకోకుండా వదిలేసిన హెడ్ పార్కింగ్ (చదివే, రాసే హెడ్ మాటిమాటికీ పక్కకి జరగడం), యూపీఎస్ లేకపోవడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి.

ముందు కొలతలు. ల్యాప్‌టాప్ డిస్కుని 2.5 అంగుళాల డిస్కు అంటారు. దాని వెడల్పు 69.85 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 100. మందం 7 లేదా 9.5 మిల్లీమీటర్లు, పెద్ద కెపాసిటీ పోర్టబుల్ డిస్కుల్లో 12.5, 15 కూడా ఉంటుంది. డెస్క్‌టాప్‌కి వచ్చే 3.5 అంగుళాల డిస్కు 101.6 వెడల్పు, 147 పొడవు. కాబట్టి పెద్ద డిస్కు గూట్లో చిన్నది అటూ ఇటూ దొర్లుతుంది, స్క్రూ రంధ్రాలు కలవవు. అందుకే మధ్యలో బ్రాకెట్ అనే పట్టీ కావాలి. సాటా పిన్నులు మాత్రం రెండింటికీ ఒక్కటే: డేటాకి 7, పవర్‌కి 15, రెండూ ఎల్ ఆకారంలో ఉంటాయి. తిరగేసి పెట్టాలన్నా పట్టవు. పట్టలేదని బలవంతం చేస్తే మాత్రం ప్లాస్టిక్ నాలుక విరిగిపోతుంది. అది విరిగితే డిస్కు బాగున్నా కేబులు నిలవదు.

ఒక్కసారి లేబులు చదవండి. పెద్ద డిస్కు మీద 5 వోల్టులు, 12 వోల్టులు రెండూ రాసి ఉంటాయి. మోటారు తిరిగేది 12 మీద. ల్యాప్‌టాప్ డిస్కు లేబులు మీద 5 వోల్టులే ఉంటుంది. మోటారు, ఎలక్ట్రానిక్స్ రెండూ దాని మీదే నడుస్తాయి, అదీ ఒక ఆంపియరు లోపు. కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్‌కి, అంటే కంప్యూటర్ లోపల కరెంటు పంచే పెట్టెకి, ఈ డిస్కు భారం కాదు. అయితే 5 వోల్టుల లైను దిగిపోయిన ఎస్‌ఎంపీఎస్ దీన్ని వేధిస్తుంది. డిస్కు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంటే, టక్ మని ఆగి మళ్లీ తిరుగుతుంటే, డిస్కుని అనుమానించకముందు మల్టీమీటర్ తీయండి. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల పాత పవర్ కనెక్టరులో ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య, కంప్యూటర్ నడుస్తుండగా చూడాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. 4.7కి దిగిందంటే మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ని.

సాటా పవర్ కనెక్టరు ఖాళీ లేకపోతే నాలుగు పిన్నుల నుంచి సాటాకి మార్చే చిన్న వైరు వాడతారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో వైర్ల మీద ప్లాస్టిక్ పోసి ముద్దలా చేసి ఉంటుంది. రెండోదానిలో వైరుని కనెక్టరు వెనక గాడిలోకి నొక్కి మూత పెడతారు, ప్రతి వైరూ విడివిడిగా కంటికి కనిపిస్తుంది. రెండోదే కొనండి. ముద్ద రకంలో వైర్లు లోపల ఎంత దగ్గరగా ఉన్నాయో బయటికి తెలియదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి ఎరుపు, పసుపు వైర్లు కలిస్తే కనెక్టరు కాలిపోతుంది. 5 వోల్టుల డిస్కులోకి 12 వోల్టులు వెళ్తే ఇక అది లేవదు.

ఇక స్క్రూ. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పెద్ద డిస్కుకీ, క్యాబినెట్ డోరుకీ వాడే స్క్రూ మరలు లావుగా, దూరదూరంగా ఉంటాయి. అది అంగుళాల కొలత, 6-32 రకం. ల్యాప్‌టాప్ డిస్కుకి పట్టేది ఎం3, అంటే 3 మిల్లీమీటర్ల సన్న మర స్క్రూ. లావు స్క్రూని ఎం3 రంధ్రంలో పెడితే ఒక చుట్టు తిరిగి బిగుసుకుంటుంది. ఇంకాస్త తిప్పితే అల్యూమినియం మర తెగిపోతుంది. కొత్త ఎం3 స్క్రూలు దొరక్కపోతే అదే క్యాబినెట్‌లోని డీవీడీ డ్రైవు పక్క నుంచి విప్పండి, అవి ఎం3లే.

పొడవు కూడా చూడాలి. డిస్కు లోపలికి స్క్రూ 3 మిల్లీమీటర్లకి మించి దిగకూడదు. బ్రాకెట్ రేకు ఒక మిల్లీమీటరు మందం ఉంటే 4 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. డీవీడీ స్క్రూలు సాధారణంగా 5 ఉంటాయి, కాబట్టి తల కింద ఒక వాషర్ వేయండి. పొడుగు స్క్రూ అడుగు నుంచి దిగి సర్క్యూట్ బోర్డుని గానీ లోపలి గోడని గానీ నొక్కితే, బిగించినప్పుడు ఏమీ తెలియదు. డిస్కు వేడెక్కి కొంచెం ఉబ్బాక అప్పుడప్పుడూ ఎర్రర్లు మొదలవుతాయి. బిగువు వేళ్ల బలంతో చాలు. మణికట్టు బలం వాడొద్దు.

బ్రాకెట్లు రెండు రకాలు, రేకువి, ప్లాస్టిక్‌వి. తిరిగే డిస్కుకి రేకుదే మంచిది. వేడి క్యాబినెట్‌లోకి జారుతుంది, కదలిక తగ్గుతుంది. దొరక్కపోతే తయారు చేసుకోవచ్చు. కిటికీలు చేసే అల్యూమినియం షాపులో ఒక మిల్లీమీటరు ఫ్లాటు ముక్క అడగండి. డిస్కు అడుగున నాలుగు రంధ్రాలుంటాయి. వెడల్పులో వాటి మధ్య దూరం 61.72 మిల్లీమీటర్లు, పొడవులో 76.6. కనెక్టరు ఉన్న అంచు నుంచి మొదటి జత 14 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. ముందు కాగితం మీద గీసి, డిస్కు మీద పెట్టి చూసి, ఆ తర్వాత 3.2 బిట్టుతో రంధ్రం చేయండి. రంధ్రం చేసేటప్పుడు డిస్కు ఆ గదిలోనే ఉండకూడదు. అల్యూమినియం పొడి బోర్డు మీద పడితే షార్టే. అడుగున బోర్డు తెరిచి ఉండే డిస్కయితే, దానికీ రేకుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ అయినా ఉంచండి. లేదా డిస్కుని పక్క రంధ్రాలతో బిగించండి.

డబుల్ టేపుతో అంటించడం, జిప్ టై వేసి వేలాడదీయడం ఎస్‌ఎస్‌డీకి, అంటే చిప్పుల్లో డేటా దాచే డిస్కుకి, పర్వాలేదు, దానిలో కదిలేదేమీ లేదు. తిరిగే డిస్కుకి ఇది పనికిరాదు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో హెడ్ తేలుతూ ఉంటుంది. వదులుగా ఉన్న డిస్కు తన వణుకుకి తానే గురి తప్పి, మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. మే నెలలో టేపు జిగురు కరిగి డిస్కు జారి మదర్‌బోర్డు మీద పడటం మరో ప్రమాదం. పడుకోబెట్టినా, పక్కకి నిలబెట్టినా ఫర్వాలేదు. ఏటవాలుగా వద్దు. పై మూత మీద బొటనవేలితో నొక్కకండి, అది పల్చటి రేకు. డిస్కు మీద చిన్న రంధ్రం, దాని పక్కన మూయవద్దన్న హెచ్చరిక ఉంటే టేపు గానీ స్టిక్కరు గానీ దాన్ని కప్పకుండా చూడండి. లోపలి గాలి ఒత్తిడి సరిచూసుకునే దారి అది.

డిస్కు తీయకముందే, ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తుంటే, రెండు పనులు చేయాలి. మొదటిది ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే తాళం. విండోస్ 10, 11 ఉన్న చాలా ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకరో, డివైస్ ఎన్‌క్రిప్షనో తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో పెట్టగానే తాళం గుర్తుతో కనిపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే సెట్టింగ్స్‌లో ఆపేసి, డీక్రిప్షన్ పూర్తయ్యే దాకా ఆగండి. లేదా ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి ఉంచండి. బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, హార్డ్ డిస్కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదీ అక్కడే తీసేయాలి. రెండోది, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ సగం నిద్రలో ఆగుతుంది, ఆ స్థితిలో ఉన్న డిస్కులో వేరే కంప్యూటర్‌తో రాస్తే ఫైళ్లు చెడతాయి. కొన్ని ల్యాప్‌టాపుల్లో డిస్కు పిన్నులకి ఒక చిన్న అడాప్టరు ముక్క తగిలించి ఉంటుంది. దాన్ని నెమ్మదిగా వెనక్కి లాగితే అసలు సాటా పిన్నులు బయటపడతాయి. "ఈ డిస్కు పిన్నే వేరు" అని పక్కన పడేసినవాటిలో చాలా ఇలాంటివే.

బిగించాక ఆన్ చేస్తే మొదటి చిక్కు: డెస్క్‌టాప్ తన విండోస్‌తో కాక ఈ డిస్కులో ఉన్న ల్యాప్‌టాప్ విండోస్‌తో లేవబోతుంది. ఒక్కోసారి నీలం తెర వచ్చి ఆగుతుంది. బయోస్‌లోకి వెళ్లి బూట్ వరసలో డెస్క్‌టాప్ సొంత డిస్కునే ముందు పెట్టండి. బయోస్‌లో డిస్కు పేరే కనిపించకపోతే వేరే పోర్టులో పెట్టి చూడండి. చాలా మదర్‌బోర్డుల్లో బోర్డు మీదే గుచ్చే ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి.

బయోస్‌లో కనిపించి విండోస్‌లో కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవు అక్షరం లేకపోతే ఇవ్వండి, ఆఫ్‌లైన్ అని ఉంటే ఆన్‌లైన్ చేయండి. "ఇనిషియలైజ్ చేయమంటారా" అని అడిగితే మాత్రం, లోపల పనికొచ్చే ఫొటోలుంటే, వద్దనండి. ముందు డేటా సంగతి తేల్చుకోవాలి. డేటా అంతా కాపీ అయ్యాక డిస్కుని ఖాళీ చేయాలంటే విండోస్ కమాండు డిస్క్‌పార్ట్‌లో వరసగా లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్. క్లీన్ కొట్టే ముందు సైజు చూసి నంబరు సరిచూసుకోండి: 320 జీబీ డిస్కు 298గా, 500ది 465గా, ఒక టీబీది 931గా కనిపిస్తుంది. ఇక్కడ ఒక అంకె తప్పు కొడితే పోయేది పక్క డిస్కు.

ఇప్పుడు అసలు విషయం. ల్యాప్‌టాప్ డిస్కు బ్యాటరీ ఆదా కోసం, దెబ్బ తగిలితే పళ్లెం గీసుకోకుండా ఉండటం కోసం, కొన్ని సెకన్లు పనిలేకపోతే చాలు, హెడ్‌ని పళ్లెం పక్కనున్న ర్యాంపు మీదకి తీసుకెళ్లి దించేస్తుంది. చెవి దగ్గర పెడితే సన్నగా టిక్ అని వినిపిస్తుంది. మళ్లీ పని పడగానే ఇంకో టిక్. డెస్క్‌టాప్‌లో విండోస్ నిమిషానికోసారి ఏదో ఒకటి చిన్నగా రాస్తూనే ఉంటుంది. డిస్కు హెడ్ దించడం, ఎత్తడం, రోజంతా ఇదే పని. చాలా ల్యాప్‌టాప్ డిస్కులకి కంపెనీ చెప్పే హద్దు 6 లక్షల సార్లు. గంటకి 60 సార్లు, రోజుకి 10 గంటలు అనుకుంటే రోజుకి 600. 6 లక్షలు వెయ్యి రోజుల్లో అయిపోతాయి. అది మూడేళ్లు కూడా కాదు.

ఎన్నిసార్లయిందో చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాం వేసుకోండి, ఉచితమే. సి1 అనే వరసలో లోడ్ సైకిల్ కౌంట్, అంటే హెడ్ దించి ఎత్తిన లెక్క, ఉంటుంది. అది మామూలుగా అంకెలూ అక్షరాలూ కలిసిన హెక్సాడెసిమల్ పద్ధతిలో కనిపిస్తుంది, 1డి4సి0 అని ఉంటే మనకి అర్థం కాదు. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లో పదంకెల పద్ధతి ఎంచుకుంటే అదే 1,20,000గా కనిపిస్తుంది. ఈ రోజు చూసి రాసుకుని, రేపు ఇదే వేళకి మళ్లీ చూడండి. తేడా వందల్లో ఉంటే ఆపాల్సిందే. అదే అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో ఏఏఎం, ఏపీఎం కంట్రోల్ ఉంది. ఏపీఎం అంటే డిస్కు కరెంటు ఆదా చేసే సెట్టింగు. ఏపీఎంని 254కి, అంటే పూర్తి పనితనం వైపుకి జరపండి. చాలా డిస్కులు ఆఫ్ చేయగానే ఈ విలువ మర్చిపోతాయి. అందుకే ప్రోగ్రాం విండోస్‌తోపాటు మొదలయ్యేలా, ఏపీఎంని తనంతట తానే పెట్టేలా రెండు టిక్కులూ వేయాలి. లినక్స్ వాడేవారికి హెచ్‌డీపార్మ్ కమాండులో పెద్ద బీ అక్షరం పక్కన 254. ఏపీఎం మాట వినని డిస్కులూ ఉన్నాయి. వాటిని రోజువారీ పనికి కాక, వారానికోసారి కాపీ తీసుకునే బ్యాకప్‌కి వాడటమే మంచిది. పవర్ ఆప్షన్స్‌లో "హార్డ్ డిస్కు ఆపు" అన్న చోట 20 నిమిషాలు ఉంటే సున్నా చేయండి, అంటే ఆపొద్దని.

మామూలుగా హెడ్ దించడం ఒకటైతే, కరెంటు పోయినప్పుడు దించడం ఇంకొకటి. కరెంటు తెగిన క్షణంలో డిస్కు దగ్గర మిగిలేది తిరుగుతున్న పళ్లెం ఊపు ఒక్కటే. మోటారు ఆ ఊపునే కరెంటుగా మార్చి, ఉన్న కొద్ది శక్తితో హెడ్‌ని ఒక్క విసురున ర్యాంపు మీదకి నెడుతుంది. అది మెల్లగా దించడం కాదు, తోసేయడం. ఇలా తోసే సార్లకి హద్దు మామూలు పార్కింగ్ కన్నా చాలా తక్కువ. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నన్నాళ్లూ ఇది దాదాపు జరగదు. టెక్కలి, పలాస, చీపురుపల్లి లాంటి చోట్ల ఎండాకాలం మధ్యాహ్నం నాలుగుసార్లు కరెంటు వచ్చి పోతే, ఒక్క రోజులో నాలుగుసార్లు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సి0 వరస ఈ లెక్కే చెబుతుంది. నెలకోసారి చూస్తే మీ ఇంటి కరెంటు ఎలా ఉందో డిస్కే చెబుతుంది.

కాబట్టి 600 వీఏ యూపీఎస్ పెట్టండి. అది ఇచ్చే కొద్ది నిమిషాలూ ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టడానికి చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందికదా అనుకునేవారు దాని స్విచ్ చూడాలి. చాలావాటిలో యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని రెండుంటాయి. మామూలు మోడ్‌లో ఫ్యాను ఆగదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది, ఎందుకంటే మారడానికి పట్టే సమయం ఎస్‌ఎంపీఎస్ ఓపిక కన్నా ఎక్కువ. యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఏదీ కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ డిస్కు మీద పాలసీస్‌కి వెళ్లి రైట్ క్యాషింగ్ (రాయాల్సింది కాసేపు మెమరీలో ఆపుకోవడం) టిక్ తీసేయండి. రాయడం నెమ్మదిస్తుంది, కానీ కరెంటు పోయినప్పుడు సగం రాసి ఆగిపోయే ఫైళ్లు తగ్గుతాయి.

స్పీడు గురించి ఆశ పెట్టుకోవద్దు. 5400 చుట్ల డిస్కులో కావలసిన చోటు హెడ్ కిందకి రావడానికి సగటున 5.56 మిల్లీసెకన్లు, 7200 చుట్లదానిలో 4.17. దీనిలో విండోస్ వేయకండి. చిన్న ఎస్‌ఎస్‌డీలో విండోస్, ఇందులో ఫొటోలు, పాటలు, స్కాన్ చేసిన కాగితాలు, ఇదీ సరైన జోడీ. సీసీ కెమెరా డీవీఆర్‌లో రాత్రీ పగలూ రాయడానికి అసలు పెట్టొద్దు, దానికోసం చేసిన డిస్కు ఇది కాదు. ఒక టీబీ, రెండు టీబీల పల్చటి డిస్కుల్లో చాలావాటికి ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. పెద్ద ఫోల్డరు ఎక్కిస్తుంటే మొదట వేగంగా వెళ్లి, తర్వాత బాగా పడిపోతుంది. అది జబ్బు కాదు, దాని తయారీ అంతే.

పోర్టబుల్ డిస్కు డబ్బా పగలగొట్టి లోపలిది వాడదామనుకునేవారికి ఒక మాట. కొన్నింటిలో యూఎస్‌బీ పిన్ను డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా ఉండదు. కొన్నింటిలో డబ్బాలోని చిన్న బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. డిస్కుని నేరుగా తగిలిస్తే ఖాళీగా కనిపిస్తుంది. డేటా కాపీ తీసుకోకుండా పగలగొట్టకండి.

పాత ఐడీఈ ల్యాప్‌టాప్ డిస్కు, అంటే సాటా వాడకంలోకి రాకముందుది, 44 సన్న పిన్నులతో ఉంటుంది. డెస్క్‌టాప్ రిబ్బన్‌ది 40 పిన్నులు, వాటి మధ్య దూరమూ ఎక్కువే. మధ్యలో అడాప్టరు కావాలి. 41, 42 పిన్నుల మీద 5 వోల్టులు వస్తాయి. అడాప్టరు తిరగబడితే ఆ వోల్టేజీ వెళ్లకూడని చోటికి వెళ్లి డిస్కు ఒక్క క్షణంలో పోతుంది. ఒకటో పిన్ను గుర్తు రెండు వైపులా వెతికి, టార్చి వేసి చూసి, అప్పుడే ఆన్ చేయండి.

పాత డిస్కులో ఏమైనా పెట్టే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో 05, సి5, సి6 వరసలు చూడండి, అవి డిస్కులో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క. మూడూ సున్నా ఉండాలి. సి5 పెరుగుతుంటే ఆ డిస్కుని నమ్మొద్దు. సి7 పెరుగుతుంటే కేబులు మార్చండి, డిస్కుది తప్పు కాదు. ఆపైన పూర్తి డిస్కు స్కాన్ ఒకసారి. 500 జీబీకి సెకనుకి 80 ఎంబీ చొప్పున గంటా ముప్పావు పడుతుంది. వేడి 50 డిగ్రీలు దాటుతుంటే క్యాబినెట్ ముందువైపు ఫ్యాను గాలి డిస్కుకి తగిలేలా కేబుళ్లు పక్కకి కట్టండి.

మన తీరంలో అక్టోబరు భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. అలాంటి తుపాను కబురు వచ్చినప్పుడు ఈ చిన్న డిస్కు వల్ల ఒక లాభం ఉంది. వంద గ్రాములకి అటూ ఇటూ బరువు, నాలుగు స్క్రూలు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, డిస్కు విప్పి, వెండి రంగు యాంటీస్టాటిక్ కవరులో వేసి, సిలికా జెల్ పొట్లంతోపాటు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, ఎత్తైన అలమారలో ఉంచండి. కరెంటు వచ్చాక మొదటి గంటా వోల్టేజీ ఎగిరిపడుతూ ఉంటుంది, తొందరపడొద్దు. డబ్బా తెరిచి డిస్కుని ఒక పూట గదిలో ఆరనిచ్చి, పిన్నుల మీద చెమ్మ లేదని చూసుకుని, అప్పుడు బిగించండి.